యంత్రము చావలేదు, బెల్టు తెగినది

మన సంఘముల సంచికలలో పూర్వుల వలసలను గూర్చియు, పండుగలను గూర్చియు, భాషాభిమానమును గూర్చియు వ్యాసములు కొల్లలుగా వచ్చుచుండును. వానిని మేమును శ్రద్ధతోనే చదువుదుము. కాని మన యిండ్ల అటకలమీద నున్న వస్తువులను గూర్చి వ్రాయువారరుదు. అటకమీది ఇత్తడి గంగాళమునకు గౌరవమున్నది. తాళపత్రపు కట్టకు దండమున్నది. ఆ ప్రక్కనే రేకుపెట్టెలో మూలుగుచున్న ఎనిమిది మిల్లీమీటర్ల సినిమా ప్రొజెక్టరుకు మాత్రము ఏ గౌరవమును లేదు. "అది ఎప్పుడో చచ్చినదండీ" అని యొక్క మాటతో దానిని పాతసామాను వానికి తూచి యిచ్చుచున్నారు. దానితోపాటు చిన్న చిన్న చక్రములకు చుట్టిన ఫిల్ములును బస్తాలోనికి పోవుచున్నవి.

ఈ అలవాటును ఖండించుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగిరి చేసి విశ్రాంతి తీసికొనినవారము. మెట్రిక్కు దాటి చదివినవారము కాము. ఇంజనీర్లము అసలే కాము. కాని పది యిండ్లలో పది యంత్రములు విప్పి చూచినవారము. ఆ యనుభవముతో చెప్పునది యిది: చచ్చినవని చెప్పబడు యంత్రములలో అధికభాగము చచ్చినవి కావు. బెల్టు తెగినది, లేదా నూనె గడ్డకట్టినది. అంతకు మించి రోగము లేదు. రోగము తెలిసికొనక శవసంస్కారము చేయుట మన తెలివితక్కువతనము.

ముందుగా, ఈ ఫిల్ములు పోయిన పోవునదేమో చెప్పవలెను. ఇంటివాడుక సినిమా యంత్రములకు పెద్ద చరిత్రయే కలదు. 1922లో ఫ్రాన్సు దేశమున పాథే వారి తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఫిల్మును, 1923లో కొడాక్ వారి పదునారు మిల్లీమీటర్లదియు, 1932లో ఎనిమిది మిల్లీమీటర్లదియు, 1965లో సూపర్ ఎయిట్ అనునదియు వెలువడెను. మన కుటుంబములలో కెమెరా కొనగలిగిన వారెన్నడును కొద్దిమందియే. ఏ డాక్టరుగారో, ఏ వర్తకుడో, విదేశమునుండి సెలవుపై వచ్చిన ఏ మేనమామయో పెండ్లికో గృహప్రవేశమునకో నాలుగు నిమిషముల బొమ్మ తీసిరి. అందు నడచుచున్న ముత్తవ్వకు వేరొక ఫొటోయైనను ఉండకపోవచ్చును. పొరుగు రాష్ట్రమున మూడు నాలుగు తరములుగా స్థిరపడిన మనకు, మన పెద్దలు చీర ఎట్లు కట్టిరో, విస్తరి ముందెట్లు కూర్చుండిరో, ఎట్లు నవ్విరో చూపు సాక్ష్యము ఆ నాలుగు నిమిషములే.

ఇంకొక సంగతి మరువరాదు. ఇంటివాడుక ఫిల్ములలో పెక్కింటికి నెగెటివు అనునది లేదు. కెమెరాలో పెట్టిన ఫిల్మునే రసాయనములలో కడిగి, దానినే తెరమీద చూపుటకు పనికివచ్చునట్లు చేయుదురు. అనగా మీ చేతనున్న చుట్టయే అసలు. దానికి వేరే అసలు లేదు. మా వంటి గుమాస్తాలకు అసలునకు నకలునకు గల భేదము ఒకరు చెప్పనక్కరలేదు. నకలు పోయిన మరల తీయవచ్చును; అసలు పోయిన దావా పోయినట్లే. ఇట్టి అసలు దస్తావేజును పాడుపడిన బెల్టుతో పరుగెత్తించి చింపువారును, బెల్టు తెగినదని యంత్రముతోపాటు పారవేయువారును మా దృష్టిలో సమానులే.

ఇక యంత్రము నడచు తీరు. దీనిని తెలిసికొనుటకు పట్టభద్రులు కానక్కరలేదు.

మోటారు తిరుగును. దాని ఇరుసుకొనకు చిన్న పుల్లీ యుండును. దానినుండి రబ్బరు బెల్టో, సన్నని ఉక్కుతీగను స్ప్రింగువలె చుట్టి చేసిన బెల్టో, ప్రధానపు ఇరుసుమీది పెద్ద పుల్లీకి పోవును. కొన్ని యంత్రములలో బెల్టునకు బదులు రబ్బరు అంచుగల చక్రమొకటి మోటారు ఇరుసును ఒరసికొని తిరుగును. ఏ పద్ధతియైనను పని యొక్కటే: మోటారు వేగమును ప్రధానపు ఇరుసుకు తగినంతకు మార్చి యందించుట.

ఆ తగినంత యెంత? సాధారణముగా ప్రధానపు ఇరుసు ఒక చుట్టు తిరిగిన ఒక బొమ్మ మారును. సెకనుకు 16 బొమ్మలు చూపవలెనన్న నిమిషమునకు 960 చుట్లు. 18 చూపవలెనన్న 1080 చుట్లు. ధ్వనిగల ఫిల్మునకు 24 చూపవలెనన్న 1440 చుట్లు. మోటారు నిమిషమునకు 1400 చుట్లు తిరుగునదైనచో, 1080 కావలెనన్న రెండు పుల్లీల వ్యాసములను ఆ నిష్పత్తిలో అమర్చుదురు. ఇందు మాయయు లేదు, మంత్రమును లేదు. మూడవ ఫారములో నేర్చిన త్రైరాశికమే.

ప్రధానపు ఇరుసు మీద రెండు ముఖ్యమైన వస్తువులుండును. మొదటిది గుండ్రము తప్పిన చక్రము. అది తిరుగుచు ఒక చిన్న ఉక్కు గోరును ఆడించును. ఆ గోరు ఫిల్ము రంధ్రములో దూరి, ఒక బొమ్మ మేర క్రిందికి లాగి, వెలుపలికి వచ్చి, మీదికి పోయి, మరల దూరును. మామూలు ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్మున ఈ లాగుడు 3.81 మిల్లీమీటర్లు, సూపర్ ఎయిట్ ఫిల్మున సుమారు 4.23 మిల్లీమీటర్లు. కుట్టుమిషనులో గుడ్డను కొంచెము కొంచెముగా జరుపు పళ్ళను చూచిన ప్రతి గృహిణికిని ఈ కదలిక తెలిసినదే. 1895లో లూమియేర్ సోదరులు తమ యంత్రమునకు ఈ గోరు పద్ధతిని కల్పించినపుడు వారికా యూహ కుట్టుమిషనునుండియే తట్టెనని ప్రసిద్ధి. సినిమాహాలులోని పెద్ద యంత్రములలో గోరుకు బదులు శిలువ యాకారపు చక్రముండును. ఇంటి యంత్రములలో గోరే.

రెండవది రెక్కల చక్రము, దీనినే షట్టరందురు. ఫిల్ము జరుగుచున్నపుడు దీపపు వెలుగు తెరమీద పడిన బొమ్మ అలుకుకొని పోవును. కనుక ఆ క్షణమున ఒక రెక్క అడ్డువచ్చి వెలుగును మూయును. అయితే సెకనుకు 16 మారులు మాత్రమే వెలుగు ఆరి వెలిగిన కన్నులు జిగేలుమనును. అందుచేత ఫిల్ము నిలిచియున్నపుడును అడ్డువచ్చుటకు మరి రెండు రెక్కలు పెట్టుదురు. మూడు రెక్కలు, 16 బొమ్మలు: సెకనుకు 48 మారులు. అప్పుడు కన్ను మోసపోవును; బొమ్మ నిలకడగా కనబడును. గోరునకు రెక్కకు గల పొందిక ఒక వెంట్రుకంత తప్పినను తెరమీద బొమ్మ మీదికో క్రిందికో చారలు దీయును.

ఇంకను కలదు. చుట్టలోని ఫిల్ము ఏకధారగా దిగవలెను. గేటువద్ద మాత్రము ఆగి ఆగి జరుగవలెను. ఈ రెండు నడకలకును సంధి చేయునవి గేటునకు మీదను క్రిందను విడిచిన వదులు వంపులు. ఏకధారగా దింపునవి స్ప్రాకెట్లు అనబడు పళ్ళగిలకలు. పళ్ళగిలకకు 12 పళ్ళున్నచో ప్రధానపు ఇరుసు 12 చుట్లు తిరుగునప్పటికి అది యొక్క చుట్టు తిరుగవలెను. మరమేకువంటి గేరొకటి ఆ లెక్కను తప్పకుండ నడిపించును. చవుకరకపు యంత్రములలో పళ్ళగిలకలుండవు. బరువంతయు గోరే మోయును.

చివరిది ఫిల్మును చుట్టుకొను చక్రము. ఇందలి చమత్కారము మాకు మిక్కిలి ప్రియమైనది. సూపర్ ఎయిట్ ఫిల్ము సెకనుకు 18 బొమ్మల చొప్పున మూడంగుళములు నడచును. చుట్ట వ్యాసము ఒక అంగుళమున్నపుడు చక్రము నిమిషమునకు సుమారు 57 చుట్లు తిరుగవలెను. చుట్ట రెండంగుళములకు పెరిగిన 29 చుట్లు చాలును. గడియ గడియకు మారు ఈ వేగమును ఏ పళ్ళచక్రమును ఈయజాలదు. అందుచేత ఆ చక్రమును కొంచెము వేగముగానే తిప్పుచు, లాగుడు ఎక్కువైనపుడు జారిపోవునట్లు ఒక క్లచ్చిని పెట్టిరి. జారుటయే దాని ధర్మము. ఈ ధర్మము తెలియని వారు "ఇది జారుచున్నది, బిగింతము" అని బిగించి ఫిల్ము రంధ్రములను చీల్చుచున్నారు. ఇంకొందరు దానికి నూనె పోయుదురు. అప్పుడది బొత్తిగా పట్టక, ఫిల్మంతయు నేలమీద కుప్పబడును.

షోలాపురమున మగ్గములతో పెరిగిన మన పద్మశాలి కుటుంబములవారికి ఇంత వివరము కూడ అక్కరలేదు. మరమగ్గమున ప్రధానపు ఇరుసు ఒక చుట్టు తిరిగిన ఒక పేకపోగు పడును. నేసిన గుడ్డ ఆ మేరకు జరిగి దోనెకు చుట్టుకొనును. పడుగు ఒక్కుమ్మడిగా విడిపోకుండ అటువైపు ఒరపిడి బిగింపు ఉండును. ప్రొజెక్టరున పోగునకు బదులు బొమ్మ. తక్కినదంతయు ఆ కుటుంబమునకు చెందిన జ్ఞానమే. అట్టి యింటి పిల్లలే నేడు "ఇది మనకు తెలియని విద్య" అనుట విన్నపుడు మాకు చిన్నతనముగా నుండును.

యంత్రమిట్టిది కాగా, అది చచ్చినదో లేదో తెలిసికొనుటెట్లు? మొదట ప్లగ్గు ఊడదీయవలెను. ఫిల్ము పెట్టరాదు. పెక్కు యంత్రములకు చేతితో త్రిప్పు మర యొకటి ప్రక్కనుండును. దానిని మెల్లగా త్రిప్పి చూడుడు. గోరు ఆడుచు, రెక్కలు తిరిగినచో యంత్రము ప్రాణముతో నున్నది. తిరుగకున్న బలవంతము చేయరాదు. పాతనూనె జిగురై పట్టియుండును. ఇరుసుల సందులలో కుట్టుమిషను నూనె ఒక్కొక్క చుక్క వేసి ఒక రాత్రి ఓర్పు వహింపుడు. తరువాత తీగలను పరీక్షించి, కరెంటు ఇచ్చినపుడు మోటారు తిరుగుచు రెక్కలు తిరుగకున్న రోగము బెల్టుదే. మోటారు మూలుగుచు కదలకున్న దాని ఇరుసు ఎండినదో, కెపాసిటరు చెడినదో. మూలుగైనను లేకున్న తీగయో, స్విచ్చియో, ఫ్యూజో. ఇంతే చిట్టా. దీనిని చదువనేర్చిన పదునాలుగేండ్ల పిల్లవాడును పెద్దల సమక్షమున ఈ తనిఖీ జరుపగలడు.

ఇపుడు దోషుల జాబితా చదువుదము. జాబితా వ్రాయుట మా వృత్తి, క్షమింపవలెను.

ప్రథమ దోషి తూచి అమ్మువాడు. వీరికి యంత్రము కిలోల లెక్క. వీరిని గూర్చి పైన చెప్పితిమి.

రెండవ దోషి రబ్బరుబ్యాండు పండితుడు. బెల్టు కరిగిపోయెనని చూచినవెంటనే ఉత్తరముల కట్టనుండి రబ్బరుబ్యాండు తీసి తగిలించును. యంత్రము తిరుగును; చుట్టునున్నవారు చప్పట్లు కొట్టుదురు. రెండు నిమిషములలో బ్యాండు సాగి జారును. గోరు నిలుచును, దీపము నిలువదు. 500 వాట్ల దీపము ముందు నిలిచిపోయిన బొమ్మ బుడగలెత్తి కాలిపోవును. ముత్తవ్వ ముఖము తెరమీద కరగుచుండగా చూచినవారెవరును ఆ దృశ్యమును మరువలేరు. బెల్టు కొలత తెలియకున్న దారమును పుల్లీల చుట్టు త్రిప్పి కొలిచి, అంతకంటె కొంచెము పొట్టిదానిని తెప్పింపవలెను. దారము 40 సెంటీమీటర్లున్న బెల్టు 37, 38 ఉండిన సరిపోవును. గుండ్రని బెల్టు కావలసిన కొన్ని యంత్రములకు బేరింగుల దుకాణమున దొరకు ఓ-రింగు కూడ పనిచేయును. పాత బెల్టు తారువలె కరిగియున్నచో దానిని స్పిరిటు తడిపిన గుడ్డతో పుల్లీల గాడులనుండి పూర్తిగా తుడిచిన పిమ్మటనే కొత్తది వేయవలెను.

మూడవ దోషి కొబ్బరినూనె భక్తుడు. తలకు పట్టినది యంత్రమునకును పట్టునని వీరి నమ్మకము. చలికాలమున పేరుకొను నూనె ఇరుసులలో పేరుకొనదా? వంటయింటి నూనెలు గాలికి జిగురెక్కి ఇరుసులను బంధించును. యంత్రపు నూనె చుక్కలుగా, ఇరుసులకు మాత్రమే. బెల్టునకు, క్లచ్చికి, గేటునకు నూనె సోకరాదు.

నాలుగవ దోషి అమెరికానుండి యంత్రము తెచ్చువాడు, లేదా తెచ్చినదానిని తిట్టువాడు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 సైకిళ్ళు. మనది 230 వోల్టులు, 50 సైకిళ్ళు. వీరు ట్రాన్స్‌ఫార్మరు కొని తగిలించి నిశ్చింతగా నుందురు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను తగ్గించును గాని సైకిళ్ళను పెంచదు. యంత్రమున ఇండక్షను మోటారున్నచో దాని వేగము సైకిళ్ళను బట్టి యుండును. ఆరింట అయిదు వంతులకు దిగును. 18 బొమ్మలకు బదులు 15 పడును. పెండ్లికొడుకు నీళ్ళలో నడచినట్లు నడచును. మోటారు వేడెక్కును. అప్పుడు "ఫిల్ము పాతబడినది" అందురు! పాతబడినది ఫిల్ము కాదు. మోటారు పుల్లీని అయిదింటికి ఆరు వంతుల వ్యాసముగల దానితో మార్చిన వేగము సరిపడును. కొన్ని యంత్రములలో 50కి, 60కి వేర్వేరు గాడులు గల పుల్లీ ముందుగానే అమర్చియుందురు. బెల్టును ప్రక్క గాడికి మార్చుటయే తరువాయి. కార్బను బ్రష్షులు గల మోటారునకు ఈ చిక్కు లేదు. దాని వేగమును మరత్రిప్పి సవరింపవచ్చును. కాని మోటారు వేడి, దీపము వోల్టులు ఏ యంత్రమునకైనను చూచుకొనవలసినవే.

అయిదవ దోషి రెండు ఎనిమిదులకు భేదము లేదనువాడు. మామూలు ఎనిమిది ఫిల్మునకు రంధ్రము పెద్దది. రెండు బొమ్మల సరిహద్దున నుండును. చక్రపు నడిమి బెజ్జము చిన్నది. సూపర్ ఎయిట్‌కు రంధ్రము చిన్నది. బొమ్మ నడుమకు సరిగా ఎదురుగా నుండును. చక్రపు బెజ్జము పెద్దది. ఒకదాని గోరు మరొకదాని రంధ్రమునకు సరిపోదు. బలవంతము చేసిన రంధ్రమే చిరుగును; చిరిగిన అసలునకు మారు లేదని మరల చెప్పనక్కరలేదు గదా.

ఆరవ దోషి మరమ్మతు దుకాణదారు. అందరును కారు, కొందరు. ఒక నగరమున ఒక దుకాణదారు మా బంధువుల యంత్రమును చూచి, మూత విప్పకయే, మోటారు కాలిపోయినదని తీర్పు చెప్పి, ఇనుము ధరకు తానే కొందుననెను. ఇంటికి తెచ్చి మూత విప్పగా మోటారు నవనవలాడుచున్నది. బెల్టు మాత్రము జీళ్ళపాకమై పుల్లీకి అంటియున్నది. ఇంటివారికి ఈ నాలుగు సంగతులు తెలియకున్నచో ఆ యంత్రమిపుడెవరి బల్లమీద నుండెడిదో పాఠకులే యూహింతురు గాక. జ్ఞానము లేనివానిని మోసము చేయుట సులభము.

ఇక విద్యాధికుల ఆక్షేపణ యొకటి కలదు. "ఈ యంత్రమెందుకు? ఫిల్మును స్కాను చేయించి కంప్యూటరులో పెట్టుకొన్న చాలదా?" అందురు. స్కాను చేయింపుడు; చేయించి తీరవలెను. ముడుచుకొనిన ఫిల్మును, వెనిగరు వాసన కొట్టుచున్న ఫిల్మును యంత్రమున పెట్టనే పెట్టరాదు. వానికి ఒక్కొక్క బొమ్మను మెల్లగా పట్టు స్కానరే శరణ్యము. ఈ వాదములో అంతవరకు సత్యమున్నది. కాని స్కాను చేసినవాడు సరిగా చేసెనా లేదా అని తెలిసికొనుటకైనను యంత్రపు నడక తెలియవలదా? 50 అడుగుల మామూలు ఎనిమిది ఫిల్మున అడుగునకు 80 బొమ్మల చొప్పున 4000 బొమ్మలుండును. సెకనుకు 16 చొప్పున 4 నిమిషముల 10 సెకనులు నడువవలెను. మీ చేతికిచ్చిన నకలు 2 నిమిషముల 40 సెకనులే నడచినచో, 25 బొమ్మల వేగమున పరుగెత్తించిరని అర్థము. మంగళసూత్రధారణము కోతుల గంతులవలె కనబడుటకు కారణమదియే. "పాత సినిమాలట్లే గంతులు వేయును" అని పిల్లలు నవ్వుదురు. మన తాతలు గంతులు వేయలేదు, నెమ్మదిగానే నడచిరి. లెక్క తప్పినవాడు గంతులు వేయించెను.

గోడమీద ఆడుచున్న బొమ్మను ఫోనుతో తీసి "నకలు అయినది" అనుకొనువారును కలరు. రెక్కల చక్రము లెక్క వేరు, ఫోను లెక్క వేరు. రెండును కలియక బొమ్మ మినుకు మినుకుమనును. పైగా నకలు తీసిన మరునాడే అసలును పారవేయుట ఏ కచేరీలోనైనను చెల్లునా? ముప్పది యేండ్ల క్రిందట వీడియో క్యాసెట్టునకు ఎక్కించి ఫిల్ము పారవేసిన కుటుంబములు నేడు ఆ క్యాసెట్టు చూచుటకు యంత్రము లేక చేతులు పిసికికొనుచున్నవి. ఫిల్మునకొక సుగుణమున్నది: ఏ యంత్రమును లేకున్నను కిటికీ వెలుగునకు పట్టి చూచిన బొమ్మ కనబడును. సేఫ్టీ ఫిల్మగుటచే పాత నైట్రేటు ఫిల్మువలె భగ్గున మండునను భయమును లేదు. చల్లని పొడిచోట నుంచిన అది నకళ్ళన్నింటికంటె నెక్కువకాలము బ్రదుకవచ్చును.

ఇంకొక ఆక్షేపణ మరింత బాధాకరము. "ఇట్టి సంగతులు ఇంగ్లీషులోనే చెప్పవలెను, తెలుగు పద్యములకును పెండ్లిపత్రికలకును సరిపోవును" అని మనవారే అనుచున్నారు. బళ్ళారిలో, హోసూరులో, బరంపురములో తెలుగు బడికొరకు అర్జీలు పెట్టుకొను మనమే యిట్లనిన ఎవరు మన్నింతురు? ఇరుసు, గోరు, రెక్క, పళ్ళచక్రము, గాడి, ఒరపిడి: ఇవి యేవియు మేము కల్పించినవి కావు. గానుగ, మోట, రాట్నము, మగ్గము, కుమ్మరిసారె నడిపిన మన తాతల నోటిమాటలు. బెల్టు, మోటారు, క్లచ్చి అను మాటలు అవసరమైన చోట వచ్చినవి; వచ్చిన అతిథిని మన్నించితిమి. పైన యంత్రపు నడకనంతయు తెలుగుననే చెప్పితిమి. అర్థము కాని వాక్యమేదో చూపుడు. భాషను దేవుని గదిలో పెట్టి దీపము వెలిగించుట మాత్రమే భక్తి కాదు. దానితో మర విప్పవలెను, నూనె వేయవలెను, లెక్క కట్టవలెను. పని చేయని భాష, నూనె ఎండిన ఇరుసు వంటిది, కొంతకాలమునకు బిగిసిపోవును.

ఈ ఖండనతో పాటు సంఘముల వారికి కొన్ని పనులు సూచించుట మా విధి. ప్రతి సంఘమున నొక రిజిస్టరు తెరువవలెను. ఏ యింట ఏ యంత్రమున్నది, అది యే ఫిల్మునకు తగినది, ఎన్ని వోల్టులు, ఎన్ని సైకిళ్ళు, బెల్టు కొలత యెంత, చుట్టలెన్ని, చుట్టమీద ఎవరి పేరున్నది: ఇన్ని గడులు చాలును. గత తరమువారు జీవించియుండగానే, బొమ్మలోని వారెవరో అడిగి వ్రాసికొనవలెను. పేరు తెలియని ముఖము తరువాతి తరమునకు పరాయి ముఖమే. ఊరికొక యంత్రము మంచిస్థితిలో నున్న చాలును; పది కుటుంబములు దానినే వాడుకొనవచ్చును. అన్నింటిని మించి, ఏ యంత్రమునకైనను మొదట పనికిరాని ఫిల్ముముక్కను ఎక్కించి, రెండు మూడు మారులు నడిపి, గీతలు పడకున్నవని భూతద్దముతో చూచిన తరువాతనే ఇంటి ఫిల్మును ఎక్కింపవలెను. పాతతీగలు పెచ్చులూడియున్నవేమో, లోహపు ఒంటికి కరెంటు సోకుచున్నదేమో తెలిసిన ఎలక్ట్రీషియనుచే చూపించిన పిమ్మటనే ప్లగ్గు పెట్టవలెను. అటకమీది వస్తువుకొరకు ఇంటివారి ప్రాణములు పణము పెట్టుమని మేము చెప్పుట లేదు.

ఈ యంత్రములు చేసిన కంపెనీలలో కొన్ని మూతబడినవి. ఆస్ట్రియాలో లక్షలకొలది యంత్రములు చేసిన యూమిగ్ సంస్థ 1980ల తొలినాళ్ళలోనే దివాలా తీసెను. కంపెనీ పోయినను ఇరుసు తిరుగుచునే యున్నది. ఉక్కుతో చేసినది కనుక. తిరుగనిది మన చేయి. ఇంటికొక మరచీల త్రిప్పునది, మూరెడు దారము, సీసాడు మిషను నూనె, గంట ఓర్పు: వెచ్చము ఇంతమాత్రమే. ఇంత వెచ్చమునకు వెనుకాడి, రేపు మనుమలు "మా ముత్తవ్వ యెట్లుండెడిది?" అని యడిగినపుడు నోరు మెదపలేని పెద్దరికము మనకు తగదు. పాతసామాను బండి వీధిలో కేక వేయకముందే అటక ఎక్కుడు.